మాస్టారు వద్దన్న సైకిల్

పోయినవారం కరుణని తెనాలిలో బర్నబాస్ సైకిల్ కొట్టు ముందు చేతిలో కాయితంతో నిలబెట్టి, మనం ఎవరి పనుల్లోకి వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం ఆ పిల్ల వారం రోజులుగా నోట మాట లేకుండా అక్కడే నిలబడి ఉంది. కొత్తగా చేరిన పాఠకులకి నాలుగు ముక్కల్లో సంగతి చెప్పేసి ఆమెని కదిలిద్దాం. ఇవాళ ఆమె చాలా దూరం తొక్కాలి.

కరుణ ఒక ప్రైవేటు బడిలో ఆటల టీచరు. ఎల్లుండి ఆదివారం సైకిల్ పందెం. తెనాలి నుంచి రేపల్లె, రేపల్లె నుంచి బాపట్ల, బాపట్ల నుంచి పొన్నూరు మీదుగా మళ్ళీ తెనాలి. నూట ఇరవై కిలోమీటర్ల పైచిలుకే. వంపు హ్యాండిల్ రేసు సైకిళ్ళకి ప్రవేశం లేదు, ముళ్ళ టైర్ల మౌంటెన్ బైకులూ, సన్న టైర్ల హైబ్రిడ్లూ మాత్రమే రావాలి. అమ్మాయిల్లో మొదట వచ్చిన ఒక్కరికి పుణెలో రెండేళ్ళ శిక్షణ, తిండీ వసతీ వాళ్ళే చూసుకుంటారు. పందెం నాటికి ఇరవై మూడేళ్ళు నిండకూడదని షరతు. కరుణకి వచ్చే నెల తొమ్మిదో తారీకుకి నిండుతాయి. ఈసారి పోతే ఇక ఆమెకి పుణె లేదు.

ఇక భరద్వాజ మాస్టారు. రేపల్లెలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతారు, కాపురం తెనాలిలో. ఆదివారం పొద్దున్నే సైకిళ్ళు తొక్కే, కరుణతో కలిపి పదకొండుమంది బృందానికి ఆయనే పెద్ద. ఆ బృందంలో రెండు ఆచారాలున్నాయి. మాస్టారు మాట లేకుండా ఎవరూ సైకిల్ కొనరు. ఆయన మనిషిని గోడకి ఆనించి నిలబెట్టి, కాళ్ళ మధ్య అట్టపుస్తకం పెట్టించి కొలత తీస్తారు. రెండు కంపెనీల సైకిళ్ళు తెప్పించి ఒకే దారి మీద రెండూ తొక్కిస్తారు. స్టాప్‌వాచీ చూసి, ఇది కొను అంటారు. అదొకటి. రెండోది, పందేల కబుర్లు ఎవరూ ఫోన్లో చూసుకోరు. నిర్వాహకుల గ్రూపులో మాస్టారొక్కరే ఉంటారు. వేమూరు రోడ్డు మీద టీ బంకు దగ్గర అందరూ గ్లాసులు పట్టుకుని కూచుంటే ఆయన చదివి వినిపిస్తారు. పదకొండుమందీ చదువుకున్నవాళ్ళే! ఆ కాయితమేదో మనమే ఒకసారి చూద్దామన్న బుద్ధి ఒక్కళ్ళకీ పుట్టలేదు.

కరుణ మనసు పడ్డది సహ్యా కంపెనీ నీలం హైబ్రిడ్ మీద. మాస్టారు వద్దన్నారు. టోర్గన్ కంపెనీ ఎర్ర మౌంటెన్ బైకు కొనమన్నారు. “పేరు చూసి కొనేది చీర, దారి చూసి కొనేది సైకిల్” అని ఆయన మాట. పందెంలో పెనుమూడి దగ్గర కరకట్ట మీద పాతిక కిలోమీటర్లు కంకర దారి ఉందనీ, సన్న టైర్లు అక్కడ నిలవవనీ చెప్పారు. చెప్పి ఊరుకోకుండా జనవరి పదకొండున ఆ కంకర మీదే రెండు సైకిళ్ళూ తొక్కించారు. హైబ్రిడ్‌కి రెండు పంక్చర్లు పడ్డాయి. కళ్ళతో చూశాక ఇంకేం మాట్లాడుతుంది? కరుణ ఎర్ర సైకిలే కొనుక్కుంది.

ఇప్పుడు చేతిలో ఉన్న కాయితం, నిర్వాహకులు సైకిల్ కొట్లకి పంపిన ప్రకటన. కరకట్ట మీద మట్టి పనుల వల్ల పందెం దారి మార్చామనీ, మొదటి నుంచి చివరి దాకా తారు రోడ్డేననీ, ఈ నిర్ణయం జనవరి నాలుగున కమిటీ చేసిందనీ అందులో ఉంది. కింద అయిదు సంతకాలున్నాయి. మూడోది భరద్వాజ మాస్టారిది. నాలుగు ముందో పదకొండు ముందో ఒకటో తరగతి పిల్లకైనా తెలుసు.

“బాబాయ్,” అంది కరుణ చివరికి, కాయితం ముందుకి చాపి. “ఇది నిజమేనా?”

బర్నబాస్ అరవై ఏళ్ళ మనిషి. చక్రం వంకర తీస్తూ తల ఎత్తకుండానే అన్నాడు. “అచ్చేసి పంపిన కాయితం అబద్ధం ఎందుకవుద్దమ్మా?”

“అయితే ఈ ముళ్ళ టైర్లు మార్చెయ్. నున్నవి వెయ్.”

“టైర్లు మారుస్తా. బరువు మారుద్దా? ముందు చక్రానికి స్ప్రింగు ఫోర్కు ఉంది, తొక్కినప్పుడల్లా నీ బలం సగం అదే తాగేస్తది. కంకరలో ఇది మొనగాడేనమ్మా. తారు మీద గేదెని తోలినట్టే.”

“సరే, ఆ నీలం హైబ్రిడ్ ఎవరు కొన్నారో చెప్పు. కాళ్ళు పట్టుకుని అయినా సరే, ఒక్క ఆదివారానికి అడిగి తెచ్చుకుంటాను.”

బర్నబాస్ నీళ్ళు నమిలాడు. ముందున్న చక్రం ఊరికే తిరుగుతోంది, ఆయన దాన్ని చూడటం లేదు. ఒక పక్క గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. జిడ్డు పోయిందో లేదో గాని మొహాన చెమట మాత్రం పట్టింది.

“మాస్టారే పట్టుకుపోయాడు తల్లీ,” అన్నాడు. “నువ్వు ఎర్రది తీసుకెళ్ళావు చూడు, ఆ సాయంత్రమే. చక్రాలు ఊడదీసి కారులో పడుకోబెట్టుకున్నాడు. బాపట్లలో వాళ్ళక్కగారింట్లో ఉంది. శ్రీజమ్మ అక్కడే ఉంటందిగా.”

శ్రీజ మాస్టారి ఒక్కగానొక్క కూతురు. పంతొమ్మిదేళ్ళ పిల్ల. బాపట్లలో మేనత్త ఇంట్లో ఉండి ఇంజినీరింగు చదువుతోందనీ, పుస్తకాల్లోంచి తల ఎత్తడం లేదనీ మాస్టారు టీ బంకు దగ్గర చెబుతూ ఉంటారు. ఆ పిల్లకి చేతులొదిలి సైకిల్ తొక్కడం నేర్పింది కరుణే.

“శ్రీజ పందెంలో ఉందా?”

“పోయిన శనివారం తెస్తే నంబరు పలక నేనే బిగించా. నీకు చెప్పొద్దన్నాడు. ముప్పై ఏళ్ళుగా నా కొట్టుకి మనుషుల్ని పంపిస్తన్న పెద్దమనిషి, ఏదో కారణం ఉండబట్టే చెప్పొద్దన్నాడులే అనుకుని నేనూ నోరు కుట్టేసుకున్నా. తప్పయిపోయింది.” బర్నబాస్ కడుపులో దాచుకోలేక మిగతాది కూడా కక్కేశాడు. “ఇంకో సంగతి. అది పద్దెనిమిది అంగుళాల ఫ్రేము. నీ కాలు కొలిచి తెప్పించింది. శ్రీజమ్మ పొట్టి పిల్ల, పదహారు కావాలి. చెప్పానమ్మా, వినలా. ఊరందరి కాళ్ళూ కొలిచేవాడు కన్నకూతురి కాలు కొలవలా!”

కరుణ ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని తర్వాత ఆమెకే అనిపించింది. బడికి ఫోన్ చేసి సెలవు చెప్పింది. టైర్లు మార్చనియ్యలేదు. ఎర్ర టోర్గన్ ఎక్కి పొన్నూరు రోడ్డు పట్టింది.

తెనాలి నుంచి బాపట్లకి నలభై అయిదు కిలోమీటర్లు. ఎన్నోసార్లు తొక్కిన దారే, కాని ఆవేళ ప్రతి అడుగూ ఆమెకి కొత్తగా తెలిసింది. టైరు ముళ్ళు తారుని పట్టుకుని బుర్రుమంటున్నాయి. ముందు ఫోర్కు కిందికీ పైకీ ఊగుతోంది. నెలన్నరగా ఈ ఆయాసమంతా తన చేతకానితనమే అనుకుంది. పొద్దున నాలుగుకి లేచి మెట్లెక్కి దిగింది, అన్నం తగ్గించింది, అమ్మ సావిత్రి పెట్టిన పెరుగు కూడా పక్కకి నెట్టింది. నీ కాళ్ళలో ఇంకా బలం రావాలి అని మాస్టారు అంటే, అవునండీ అని తల ఊపింది. గుర్తొస్తే ఒళ్ళు మండిపోయింది.

పొన్నూరు దగ్గర మిల్లుకి పోయే ధాన్యం ట్రాక్టర్లు రోడ్డుకి అడ్డం పడ్డాయి. వరి కోసిన మళ్ళలో మినుము కాయ పట్టి ఉంది. ఈ రోడ్డు మీదే నాలుగేళ్ళ కింద కరుణ మొదటిసారి పడింది. మోచెయ్యి చెక్కుకుపోతే మాస్టారు తన మంచినీళ్ళ సీసాతో కడిగి, చేతిరుమాలు చింపి కట్టు కట్టారు. “పడ్డావని కాదు, ఎందుకు పడ్డావో చూసుకో” అన్నారు. ఆ రోజు నుంచి ఆ మనిషి మాట ఆమెకి వేదం. చైను పడితే ఆయనే, గేరు పట్టకపోతే ఆయనే. అమ్మకి చెప్పని సంగతులు కూడా ఆయనకి చెప్పింది. పుణె వెళ్ళాలని ఉందని మొట్టమొదట ఆయనతోనే అంది. తడిగుడ్డతో గొంతు కోయడం అంటే ఏంటో ఇన్నాళ్ళూ వినడమే గాని, కరుణకి ఇప్పుడు తెలిసింది. ఎదటివాడు తిడితే తిరిగి తిట్టొచ్చు. కట్టు కట్టిన చేత్తోనే ఈ పని చేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

పదకొండు కావస్తుండగా బాపట్ల చేరింది. మాస్టారి అక్కగారి ఇల్లు ఆమెకి తెలుసు. పోయినేడు సూర్యలంక నుంచి వస్తూ బృందమంతా అక్కడే పులిహోర తిన్నారు. గేటు తీసే ఉంది. వరండాలో నీలం హైబ్రిడ్ తలకిందులుగా నిలబడి ఉంది. మాస్టారు పీట మీద కూచుని చైనుకి నూనె వేస్తున్నారు. పందెం కోసం కాలేజీకి నాలుగు రోజులు సెలవు పెట్టారు. అది బృందం కోసమని టీ బంకు దగ్గర చెప్పారు.

గేటు చప్పుడికి తలెత్తి, కరుణని చూసి, ఆయన చేసిన మొదటి పని ఏంటో తెలుసా? భుజం మీది తువ్వాలు తీసి సైకిల్ మీద కప్పబోయారు. అంత సైకిల్‌కి అంత తువ్వాలు! ఒక చక్రం కూడా దాగలేదు.

“కప్పకండి మాస్టారూ. చూసేశాను.”

“కరుణా! రామ్మా, రా. ఏంటిలా ఎండనపడి? మంచినీళ్ళు...”

“జనవరి నాలుగు ముందా, పదకొండు ముందా మాస్టారూ?”

ఆయన మొహంలో రంగు పోయింది. అయినా పాతికేళ్ళుగా పాఠం చెప్పిన నోరు కదా, ఊరుకోలేదు. “నువ్వు ఆవేశంలో ఉన్నావు. కూర్చో, చెబుతాను. టోర్గన్ తక్కువ సైకిలేం కాదు. ఆ ఫ్రేముకున్న గట్టిదనం, ఆ గేర్ల అమరిక...”

“టోర్గన్‌ని నేనేం అనలేదండి. మంచి సైకిలే. కొండలు కూడా ఎక్కేస్తుంది. మన డెల్టాలో కొండ ఎక్కడుందండీ? పొన్నూరు కాలవ మీద వంతెనొక్కటే కదా మనకున్న మిట్ట?” కరుణ ఎర్ర సైకిల్‌ని గేటుకి ఆనించింది. “దారి చూసి కొనమని మీరే చెప్పారు. ఆ దారే దాచేశారు. దాచి, లేని దారి మీదకి తీసుకెళ్ళి నా చేత తొక్కించారు. ఆ కంకర మీద రెండుసార్లు దిగి పంక్చరు నేనే వేసుకున్నానండి. పక్కన నిలబడి చూశారు. అప్పుడైనా మీకు ఏం అనిపించలేదా?”

 మాస్టారు నూనె డబ్బా మూత పెట్టబోతే అది సరిగా పట్టలేదు. రెండుసార్లు ప్రయత్నించి పక్కన పెట్టేశారు.

“అనిపించింది,” అన్నారు. “రాత్రుళ్ళు నిద్రలేదు కరుణా. కాని శ్రీజ సంగతి నీకు తెలియదు. ఇంజినీరింగు అంతా ఒట్టిదే. నిరుడే మానేసింది. నాలుగు సబ్జెక్టులు తప్పింది. ఏడు నెలలు గది తలుపు తీయలేదు. మా అక్క అన్నం గుమ్మంలో పెట్టి వచ్చేది. వాళ్ళమ్మ ఏడవని రోజు లేదు. సైకిల్ ఎక్కాకే మళ్ళీ మనిషైంది. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి గెలిస్తే నిలబడుతుందనుకున్నాను. నీకేమమ్మా, ఉద్యోగం ఉంది, ధైర్యం ఉంది. ఎక్కడ పడినా నువ్వు లేస్తావు.”

“లేస్తానని తోసేస్తారా?”

ఆయన తల దించుకున్నారు.

“నాతో ఒక్క మాట చెప్పుంటే!” కరుణకి ఇప్పుడు వచ్చాయి కన్నీళ్ళు, దారంతా రానివి. “శ్రీజ నాకు చెల్లెలు కాదా? పక్కన తొక్కి దాన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. నీలం సైకిల్ దానికిచ్చెయ్, నువ్వింకోటి చూసుకో అని మొహాన చెప్పినా సరేనండీ అనేదాన్ని. మీరడిగితే నేను కాదన్నది ఏదైనా ఉందా? కంచే చేను మేస్తే ఇక ఎవర్ని నమ్మాలి మాస్టారూ?”

“చెప్పి లాభం లేదు.” మాస్టారు నేల చూస్తూనే అన్నారు. “సమానమైన సైకిల్ ఇస్తే అది నీ మీద ఈ జన్మలో గెలవదు. నాకు తెలుసు. వాచీ పట్టుకున్న చేతికి తెలియదా?”

“అంత తెలుసా నాన్నా?”

గుమ్మంలో శ్రీజ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో ఎవరూ చూడలేదు. కుడి మోకాలికి కట్టు ఉంది. పిల్ల మొహం చూస్తే కరుణకి తన కోపం ఒక్క క్షణం ఎటు పోయిందో తెలియలేదు.

“నేను గెలవనని నీకు అంత బాగా తెలుసా?” శ్రీజ మెట్టు దిగింది. “మరి రోజూ పొద్దున ఫోన్ చేసి లేపి, నువ్వు గెలుస్తావు గెలుస్తావు అన్నావేంటి? అక్క పందెంలో లేదన్నావుగా. మోకాలు దెబ్బతిందన్నావు. పలకరిద్దామని ఫోన్ చేస్తానంటే, బాధపడుతుంది చెయ్యకన్నావు.”

“నాకు మోకాలు నొప్పేంటి?” అంది కరుణ. “నిన్న కూడా అరవై కిలోమీటర్లు తొక్కాను.”

“శ్రీజా, నువ్వు లోపలికి వెళ్ళమ్మా,” అన్నారు మాస్టారు. 

శ్రీజ వెళ్ళలేదు. తండ్రి మొహం కాసేపు చూసింది. చిన్నప్పట్నుంచీ చూసిన మొహం, ఏం దాస్తుందో పట్టుకోలేనిది కాదు. జేబులోంచి ఫోన్ తీసి పందెం నిర్వాహకుడు హనుమంతరావు గారికి కలిపి, అందరికీ వినబడేలా పెట్టింది.

“అంకుల్, నేను శ్రీజని, భరద్వాజ గారమ్మాయిని. తెనాలి కరుణక్క నంబరు ఎంతో ఒకసారి చూసి చెబుతారా?”

“కరుణా?” అవతల కాయితాలు తిరగేసిన చప్పుడైంది. “ఆ అమ్మాయి లేదుగదమ్మా. సోమవారం మీ నాన్నగారే ఫోన్ చేసి పేరు తీసెయ్యమన్నారు. మోకాలికి దెబ్బ తగిలిందట, పాపం. ఎలా ఉంది ఇప్పుడు?”

 లోపల కుక్కర్ ఈల వేసింది. కరుణ గోడ పట్టుకుంది.

సైకిల్ విషయంలో మోసం జరిగిందని తెలిసి కూడా, పోనీలే, ఈ బండ సైకిల్ మీదే తొక్కి చూపిస్తాను అని పొన్నూరు దాటాక ఎక్కడో అనుకుంది. ఆ కాస్త మొండితనం పట్టుకునే ఇంత దూరం వచ్చింది. ఇప్పుడు అది కూడా లేదు. ఆదివారం పొద్దున తెనాలిలో వెళ్ళి నిలబడితే, పేరు లేదమ్మా, పక్కకి జరుగు అనేవాళ్ళు. అప్పుడు కూడా ఈయన పక్కనే ఉండి, అయ్యో ఎలా జరిగిందంటారు అని ఉండేవారేమో!

“సైకిల్ మార్చారు. సరిపోలేదా మాస్టారూ?” అంది కరుణ. “పేరు కూడా ఎందుకు తీయించారు?”

 ఆయనకి చెప్పక తప్పలేదు. “పోయిన శనివారం పొన్నూరు నుంచి తెనాలి దాకా శ్రీజకి టైము తీశాను. ఆదివారం అదే దారిలో నీకు తీశాను. ఆ టోర్గన్ మీద కూడా... నువ్వు నాలుగు నిమిషాలు ముందొచ్చావు.”

ఆ ఆదివారం కరుణకి బాగా గుర్తుంది. తెనాలి పొలిమేరలో ఆగి ఆయాసపడుతూ, ఎంతండీ అని అడిగింది. మాస్టారు వాచీ జేబులో వేసుకుని, పరవాలేదు, ఇంకా మెరుగవ్వాలి అన్నారు. ఇంటికెళ్ళి ఆ రాత్రి కూడా అన్నం తగ్గించి తింది.

“హలో? అమ్మా శ్రీజా?” ఫోన్లో హనుమంతరావు గారు ఇంకా ఉన్నారు.

శ్రీజ ఫోన్ దగ్గరికి తీసుకుంది. “అంకుల్, కరుణక్కకి ఏ దెబ్బా తగల్లేదు. ఇక్కడే ఉంది. పేరు మళ్ళీ చేర్చాలంటే ఏం చెయ్యాలి?”

“అదేంటమ్మా! మరి మీ నాన్నగారు...” అవతల మనిషి ఆగిపోయాడు. ఏమర్థమైందో గాని గొంతు మార్చాడు. “ఫోన్లో కుదరదు. ఆ అమ్మాయి స్వయంగా రావాలి, తొక్కే సైకిల్ తెచ్చి చూపించాలి, సంతకం పెట్టాలి. రేపల్లెలో మా ఆఫీసుకి ఒంటిగంటన్నర లోపల వస్తే సరే. తర్వాత జాబితా అచ్చుకి వెళ్ళిపోతుంది, ఇక నా చేతుల్లో లేదు.”

గోడ గడియారం పదకొండూ ఇరవై చూపిస్తోంది. రేపల్లెకి ఇంకో నలభై అయిదు కిలోమీటర్లు. బస్సెక్కితే సైకిల్ ఎక్కదు, మాస్టారి కారెక్కే మాటే లేదు. అప్పటికే నలభై అయిదు తొక్కిన కాళ్ళు, ఆ ఎర్ర సైకిల్ మీద రెండు గంటలా ఇరవై నిమిషాలకి తక్కువ పట్టదు.

శ్రీజ నీలం సైకిల్‌ని తిప్పి నిలబెట్టింది. నంబరు పలకకున్న తీగ విప్పి, పలక పీట మీద పడేసింది. సైకిల్‌ని కరుణ ముందుకి తోసింది.

“వద్దు శ్రీజా. నీ పందెం...”

“పది కిలోమీటర్లు దాటితే దీని మీద నా మోకాలు కుయ్యో మంటోందక్కా. నాకు చేతకాక అనుకున్నా ఇన్నాళ్ళూ. ఇది నీ కాలికి కొలిచి తెచ్చిందని నాకెవరు చెప్పారు?” శ్రీజ తండ్రి వైపు చూడలేదు. “నాకింకా నాలుగేళ్ళుంది. నీకు తొమ్మిదో తారీకు దాకానే. తీసుకో, టైము లేదు.”

కరుణ హ్యాండిల్ పట్టుకుంది. రెండు నెలల కింద కొట్లో ఎలా పట్టుకుందో చెయ్యి మర్చిపోలేదు.

“సీటు రెండంగుళాలు లేపాలి నీకు.” మాస్టారు అలవాటున లేచారు. చేతిలో ఎలెన్ కీ ఉంది. పదకొండుమంది సైకిళ్ళకీ అన్ని బోల్టులూ ఆ కీతోనే బిగించిన చెయ్యి అది. ఆయన సీటు కడ్డీ మీదకి వంగబోయారు.

“ముట్టుకోకండి మాస్టారూ.”

ఆయన ఆగిపోయారు.

“అది ఇలా ఇవ్వండి.” కరుణ చెయ్యి చాపి కీ తీసుకుంది. “మీరు బిగించిన ప్రతి బోల్టూ ఇప్పుడు నేను చూసుకోవాలి. నాలుగేళ్ళలో ఒక్కటి కూడా చూసుకోలేదు. మీరు బిగించారు కదా అని కళ్ళు మూసుకుని ఎక్కేదాన్ని.”

అన్నంత పనీ చేసింది. సీటు లేపింది. ముందు బ్రేకు, వెనక బ్రేకు, హ్యాండిల్, చక్రాలు, పెడళ్ళు. ఒక్కొక్కటే కదిపి చూసింది. అన్నీ గట్టిగానే ఉన్నాయి, ఆయన పని ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఏడు నిమిషాలు పోయాయి. ఆ ఏడు నిమిషాలూ మాస్టారు చేతులు వేలాడేసుకుని ఆమె ముందు నిలబడే ఉన్నారు. తిట్టినా ఆయనకి అంత బాధ ఉండేది కాదేమో. కరుణకి మాత్రం కళ్ళు మసకబారి బోల్టులు కనబడటం లేదు.

“నా ఎర్ర సైకిల్ ఇక్కడే ఉంటుంది శ్రీజా,” అని మాత్రం అని గేటు దాటింది.

కర్లపాలెం రోడ్డు ఎక్కాక సైకిల్ పరుగు తెలిసింది. అలసిన కాళ్ళతో తొక్కుతున్నా బండి తనంతట తాను పోతున్నట్టే ఉంది. సీటు సరిగ్గా కూచుంది, మోకాలు సరిగ్గా చాచుకుంది. ఇంత సుఖాన్నా నెలన్నరగా నాకు కాకుండా చేశారు అని కొత్తగా ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గేరు మార్చింది. ఊపిరి లెక్కపెట్టుకుంటూ తొక్కింది. ఇలా పోతే ఒంటిగంటా ఇరవైకి చేరుతుంది. పది నిమిషాలు చేతిలో ఉంటాయి.

వెనక హారన్ మోగింది. పక్కకి జరిగింది. తెల్ల కారు ఆమెని దాటుకుని దూసుకుపోయింది. ఆ కారు ఆమెకి తెలుసు. ఎన్ని ఆదివారాలు దాని వెనకే తొక్కిందో! మాస్టారొక్కరే ఉన్నారు లోపల, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని. పక్క సీట్లో శ్రీజ లేదు. ఆయన ఆమె వైపు తిరిగి చూడలేదు, కారు నెమ్మది చెయ్యలేదు.

రేపల్లెకి ఇంకా ముప్పై ఆరు కిలోమీటర్లుంది. కమిటీ సభ్యుడు భరద్వాజ మాస్టారు ఆమె కంటే ముప్పావుగంట ముందు అక్కడ ఉంటారు.